శుభలేఖలో పేరు చెడగొట్టిన కీబోర్డు: వారంటీ ఇవ్వనంటే వినియోగదారుల కమిషన్‌కు దరఖాస్తు ఎలా?

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో చిన్న డీటీపీ షాపు. తెలుగు శుభలేఖలు, ఒడియా అర్జీలు, ఇంగ్లీషు బయోడేటాలు, మూడూ ఒకే ల్యాప్‌టాప్ మీద కొడతాను. కొన్న ఎనిమిదో నెలలో ఒకరోజు శుభలేఖ కొడుతుంటే పెళ్లికూతురు కమల కాస్తా తెర మీద కామాలా అయి కూర్చుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవాళ్లకు ఈ రోగం వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీషు 'ఏ' (a) కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది, ప్రతి అకారమూ దీర్ఘమైపోతోంది. పెళ్లివారు నవ్వేసి వెళ్లారు. నాకే నవ్వు రాలేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు మొదటిసారి విండోస్ మళ్లీ ఎక్కించి పంపారు. రెండోసారి కీబోర్డు మార్చారు. మూడోసారి అదే కీ మొరాయిస్తే, 'లోపల తడి ఆనవాళ్లున్నాయి, వారంటీ వర్తించదు' అని కాగితం చేతికిచ్చారు. ఆ తర్వాత నేను నడిచిన దారి ఇది. ఇప్పుడు షాపుకొచ్చే వాళ్లకు కూడా ఇదే చెబుతున్నాను.

కేసు ఏ రాష్ట్రంలో?

మా వైపు అందరూ ముందు అడిగేది ఇదే: 'కేసు ఎక్కడెయ్యాల బాబూ, ఆంధ్రాలోనా, ఇక్కడేనా?' అడగడంలో తప్పులేదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు మనవాళ్లు పెద్ద కొనుగోలు ఏదైనా ఉంటే శ్రీకాకుళమో విజయనగరమో విశాఖపట్నమో వెళ్లి కొంటారు. బిల్లు ఆంధ్రాది, ఇల్లు ఒడిశాది, కంపెనీ ఆఫీసు ఏ బెంగళూరులోనో ఉంటుంది.

1986 నాటి పాత చట్టం ప్రకారమైతే అమ్మినవాడు ఉన్నచోటో, వాడి బ్రాంచి ఉన్నచోటో, తగాదా పుట్టినచోటో వెతుక్కుంటూ పోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఆ బాధ తీరింది. ఈ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. దీని 34వ సెక్షన్ కింద ఫిర్యాదుదారు నివాసమున్న చోట గానీ, పనిచేసుకు బతికే చోట గానీ ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (వాడుకలో వినియోగదారుల కోర్టు అనేది ఇదే) కేసు వేయవచ్చు. పర్లాకిమిడి వాళ్లకు గజపతి జిల్లా కమిషన్, గుణుపురం వాళ్లకు రాయగడ జిల్లా కమిషన్, బరంపురం వాళ్లకు గంజాం జిల్లా కమిషన్. విశాఖలో కొన్నందుకు విశాఖ వాయిదాలకు తిరగనక్కర్లేదు. ఎదుటివాళ్లే ఇక్కడికి రావాలి.

ఒక్క జాగ్రత్త. మనలో చాలామంది ఆధార్‌లో ఇప్పటికీ ఆంధ్రా వైపు పాతపట్నమో టెక్కలియో ఉంటుంది. అలాంటప్పుడు ఒడిశాలో ఉంటున్నట్టు కరెంటు బిల్లు, ఇంటి అద్దె కాగితం, షాపు లైసెన్సు, ఏదో ఒకటి జతచేయండి. లేకపోతే 'ఈయన ఇక్కడివాడే కాదు' అనేది ఎదుటి ప్లీడరు ఎత్తే మొదటి అభ్యంతరం అవుతుంది.

షాపులో వాడే ల్యాప్‌టాప్‌కు హక్కుంటుందా?

ఉంటుంది. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని, తానే వాడుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి వివరిస్తూ ఎత్తుకున్న ఉదాహరణ టైప్‌రైటర్. ఇతరుల కాగితాలు డబ్బు తీసుకుని టైపు చేసేవాడు తన బతుకుతెరువు కోసం తానే ఆ యంత్రం మీద పనిచేస్తే వినియోగదారుడేనని చెప్పింది. డీటీపీ వాళ్లం, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపి బతికేవాళ్లం, మనకు ఇంతకంటే దగ్గరి మాట దొరకదు. బిల్లు షాపు పేరు మీద, జీఎస్టీ నంబరుతో ఉంటే మాత్రం ఫిర్యాదులో ఈ వాక్యం తప్పక రాయండి: 'ఈ ల్యాప్‌టాప్‌ను నా జీవనోపాధి కోసం స్వయం ఉపాధిగా నేనే వాడుతున్నాను.'

ముందు సాక్ష్యం, తర్వాతే కోపం

ఈ కేసుల్లో గెలుపోటములు కమిషన్ మెట్లెక్కకముందే తేలిపోతాయి. కీబోర్డు లోపానికి ఒక చెడ్డ గుణం ఉంది: ఇంట్లో పదిసార్లు మొరాయించిన కీ, సర్వీస్ సెంటర్ బల్ల మీద బుద్ధిగా పడుతుంది. అందుకని మొదటి రోజే ఫోనుతో వీడియో తీసి పెట్టుకోండి. వేలు, కీ, తెర మూడూ కనబడాలి. తర్వాత బయటి యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి అదే వాక్యం కొట్టి, అదీ వీడియో తీయండి. బయటి కీబోర్డుతో సరిగా పడి, లోపలిదానితో పడకపోతే, సాఫ్ట్‌వేర్ తప్పనే వాదనకు పెద్దగా బలం ఉండదు. విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో కూడా ముందే చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే మామూలు కీ కూడా తిక్కగా ప్రవర్తిస్తుంది, మన పరువే పోతుంది.

ఇక తడి సంగతి. చాలా ల్యాప్‌టాప్‌ల లోపల నీరు తగిలితే రంగు మారే చిన్న తెల్ల స్టిక్కర్లుంటాయి. ఎర్రబడితే తడి తగిలిందంటారు. సర్వీస్ సెంటర్ ఆ మాట అన్నప్పుడు నోటిమాటగా వదలకండి. ఏ భాగంలో తడి, ఏ స్టిక్కర్ మారింది, ఫొటో ఏది, అన్నీ జాబ్ షీట్ (రిపేరుకు ఇచ్చినప్పుడు వాళ్లు రాసిచ్చే కాగితం) మీద రాసివ్వమనండి. నా జాబ్ షీట్ మీద 'లిక్విడ్' అన్న ఒక్క మాటే ఉంది, ఫొటో లేదు. ఆ లోటే తర్వాత నాకు పనికొచ్చింది.

ల్యాప్‌టాప్ ఇచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ తీసుకోండి, తిరిగి తెచ్చుకునేటప్పుడు ఏ పార్టు మార్చారో రాసిన కాగితం తీసుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. కొన్నిసార్లు అక్కడ తేదీ మీ బిల్లు తేదీ నుంచి కాకుండా సరుకు కంపెనీ దాటిన రోజు నుంచి లెక్కేసి ఉంటుంది. బిల్లు పంపితే సరిచేస్తారు. డేటా మాత్రం ముందే కాపీ చేసుకోండి, అది పోతే వారంటీలో ఎవరూ పూచీ పడరు.

'కీబోర్డు కోసం ఇంత రభసా?' అని మా తమ్ముడు కూడా అన్నాడు. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో కీబోర్డును పైచట్రానికి రివెట్లతో బిగించేస్తారు. ఒక్క కీ పోయినా చట్రం మొత్తం మార్చాలి, బిల్లు వేలల్లోకి పోతుంది. పైగా డిజైన్ లోపం ఉంటే కొత్తదీ అలాగే పోతుంది. యాపిల్ సంగతి అందరికీ తెలిసిందే. 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డు దుమ్ము రేణువుకే మొరాయిస్తోందన్న గోలతో, 2018లో ఆ కంపెనీ కొన్న తేదీ నుంచి నాలుగేళ్లదాకా ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించింది. 2019 చివర్లో పాత కత్తెర తరహా కీలకే తిరిగి వెళ్లింది. అమెరికాలో దాని మీద నడిచిన దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అంత పెద్ద కంపెనీ కీబోర్డుకే లోపం ఉన్నప్పుడు, మన టేబుల్ మీది దానికి ఉండకూడదా?

1915కు ఒక ఫోను

కమిషన్‌కు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు. మీ ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చి కంపెనీకి పంపుతారు. చాలా తగాదాలు ఇక్కడే తెగుతాయి. అయితే హెల్ప్‌లైన్‌కు ఆజ్ఞాపించే అధికారం లేదు, కంపెనీ 'కుదరదు' అంటే అంతే. ఇక్కడ గడిచే కాలానికి కేసు గడువు ఆగదన్నది కూడా గుర్తుంచుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లయితే ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ రాయండి. 2020 ఇ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

తర్వాత ఒక నోటీసు. ప్లీడరు రాయాలనేం లేదు. దుకాణానికి, సర్వీస్ సెంటర్‌కు, కంపెనీకి, మూడింటికీ స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. గడువుగా పదిహేను రోజులివ్వండి.

దరఖాస్తు

ల్యాప్‌టాప్ ధర 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన ధర 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు. ప్లీడరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కావాలనుకుంటే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు జిల్లా న్యాయ సేవల సంస్థ నుంచి ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు, దాని నంబరు 15100.

ఫిర్యాదు కాగితం మీద ముందు మీ పేరు, చిరునామా. తర్వాత ఎదుటి పార్టీలు. ఇక్కడ పొదుపు చేయకండి. అమ్మిన దుకాణం, సర్వీస్ సెంటర్, తయారీ కంపెనీ, ముగ్గురినీ చేర్చండి. ఒకరిని వదిలేస్తే మిగిలినవాళ్లు వేలు అటే చూపిస్తారు. ఆ కింద జరిగింది తేదీల వరుసలో రాయండి. ఫలానా రోజు కొన్నాను, ఫలానా రోజు కీ రెండుసార్లు పడింది, ఫలానా రోజు ఇచ్చాను, ఫలానా రోజు ఈ మాట అన్నారు. ఒక్కో సంగతికి ఒక్కో పేరా, పక్కన జతచేసిన కాగితం నంబరు. 'ఘోరమైన మానసిక క్షోభకు గురిచేసి' లాంటి కోర్టు భాష కోసం తాపత్రయపడకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ పరువైనా నిలబెడదాం.

భాష అంటే గుర్తొచ్చింది. ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించడం మేలు, బెంగళూరు కంపెనీకైనా కటక్ రాష్ట్ర కమిషన్‌కైనా మళ్లీ అనువాదం అక్కర్లేదు. తెలుగులో ఉన్న బిల్లులు, వాట్సాప్ సంభాషణలు ఉంటే పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టండి. మనకు కంటికి అలవాటైన అక్షరం అక్కడి గుమాస్తాకు కాకపోవచ్చు.

చివర ఏం కావాలో అడగండి. 39వ సెక్షన్ కింద లోపం సరిచేయమని, కొత్తది ఇమ్మని, డబ్బు వడ్డీతో వెనక్కిమ్మని, పరిహారం, ఖర్చులు ఇప్పించమని కమిషన్ ఆదేశించగలదు. నలభై వేల ల్యాప్‌టాప్‌కు పది లక్షల పరిహారం అడిగితే చదివేవాళ్లకు మీ మీద నమ్మకం పోతుంది. పోయిన పని ఆర్డర్లు లెక్కగా చూపగలిగితే అదే చూపండి.

వీటితోపాటు అఫిడవిట్, బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్లు, 1915 ఫిర్యాదు నంబరు, నోటీసు రసీదులు, గుర్తింపు, నివాస రుజువు జతచేయాలి. కాపీలు కమిషన్‌కు, ఒక్కో ఎదుటి పార్టీకి, మీకు. ఆఫీసుకు వెళ్లి ఇవ్వవచ్చు, లేదా ఈ-జాగృతి పోర్టల్‌లో మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి రాష్ట్రం, జిల్లా ఎంచుకుని పీడీఎఫ్‌లు ఎక్కించవచ్చు. ఇదివరకు ఆన్‌లైన్ ఫిర్యాదులకు ఉన్న ఈ-దాఖిల్ సైటు పని ఇప్పుడు ఇందులోనే. రాష్ట్రం దగ్గర అలవాటుగా ఆంధ్రప్రదేశ్ నొక్కేవాళ్లు మా షాపులోనే ఇద్దరు కనబడ్డారు.

గడువు: తగాదాకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. దాటితే ఆలస్యానికి కారణం చూపి మన్నించమని వేరే అర్జీ పెట్టుకోవాలి. లోపం మొదట బయటపడ్డ తేదీ నుంచే లెక్కేసుకుంటే భయం ఉండదు.

నోటీసు వెళ్లాక

ఫిర్యాదు స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. నోటీసు అందిన ఎదుటి పార్టీ 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ దయతలిస్తే మరో 15 రోజులు. అంతకుమించి ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందుకని 46వ రోజున జవాబు తెస్తే మీరు లేచి అభ్యంతరం చెప్పవచ్చు. వస్తువును ల్యాబుకు పంపనక్కర్లేని కేసు మూడు నెలల్లో, పంపాల్సినది ఐదు నెలల్లో తేలాలని చట్టం అంటుంది. వాయిదాలు నడిచే తీరు వేరు, ఎక్కువే పడుతుందనుకుని మనసు సిద్ధం చేసుకోండి. ల్యాబు పరీక్ష రుసుము ముందు మీ చేతే కట్టించవచ్చు. దూరం వెళ్లలేనివాళ్లు వీడియో ద్వారా హాజరు కావడానికి అర్జీ పెట్టుకోవచ్చు.

తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు. కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే కట్టమన్న సొమ్ములో సగం ముందు జమ చేయాలి. చిన్న తగాదాల్లో వాళ్లను ఆలోచనలో పడేసేది ఇదే. తీర్పు వచ్చీ అమలు చేయకపోతే 72వ సెక్షన్ కింద మళ్లీ అర్జీ వేయండి. నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నా కేసు అంతదాకా పోలేదు. కమిషన్ నోటీసు అందిన వారానికి కంపెనీ నుంచి ఫోనొచ్చింది, చట్రంతో సహా మార్చేస్తాం, కేసు వెనక్కి తీసుకోండి అన్నారు. ఇలాంటి ఫోను మీకూ వస్తుంది. వస్తువు చేతికి రాకముందే కేసు వెనక్కి తీసుకోకండి, రాజీ షరతులు కాగితం మీద పెట్టి కమిషన్ ముందు దాఖలు చేయించండి. మా రాజీ పత్రంలో కొత్త కీబోర్డుకు మార్చిన రోజు నుంచి ఏడాది వారంటీ అన్న ఒక్క వాక్యం చేర్పించడానికే ఇంకో వాయిదా పట్టింది.