కొత్త విడిభాగాలు అమర్చాక కంప్యూటర్ ఆన్ కాకపోతే ఏం చేయాలి?

రెండు మూడు విడిభాగాలు ఒకేసారి మార్చి, క్యాబినెట్ మూత బిగించి, బటన్ నొక్కాక తెర నల్లగానే ఉండిపోతే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే నేను చూసినంతవరకు ఇలాంటప్పుడు ఏదైనా కాలిపోయి ఉండటం అరుదు. సరిగ్గా కూర్చోని ర్యామ్, పెట్టడం మరచిపోయిన పవర్ కేబుల్, కొత్త ప్రాసెసర్‌ను గుర్తించలేని పాత బయాస్ (కంప్యూటర్‌ను ఆన్ చేయగానే విడిభాగాలను గుర్తించి లేపే, మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్), ఈ మూడే ఎక్కువసార్లు కారణమవుతాయి. కాబట్టి కొన్న వస్తువును తిరిగి పంపే ముందు ఒక పూట ఓపికగా పరీక్షించుకోవడం మేలు.

ఉదాహరణకు 2018 నాటి బి450 రకం మదర్‌బోర్డు, ఎ.ఎం.డి. కంపెనీ రైజెన్ 5 2400జి ప్రాసెసర్, ఒకే 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌ను తీసుకుందాం. యజమాని దానిలో రైజెన్ 5 5600 ప్రాసెసర్, మరో 8 జీబీ ర్యామ్, కొత్త గ్రాఫిక్స్ కార్డు అమర్చారు. ఇప్పుడు అది పని చేయడం లేదు.

ముందుగా ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసివేసి, పవర్ బటన్‌ను 10 సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. అలా చేస్తే మదర్‌బోర్డులో మిగిలిన విద్యుత్తు ఖర్చయిపోతుంది. ఒంటిలోని స్థిర విద్యుత్తు పోయేలా క్యాబినెట్ లోహపు భాగాన్ని ఒకసారి తాకిన తరువాతే లోపల చేయి పెట్టండి. కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

బటన్ నొక్కినా ఏ కదలికా లేకపోతే

ఫ్యాను కూడా తిరగకపోతే, అదే ప్లగ్ పాయింటులో వేరే వస్తువు పని చేస్తోందో లేదో, ఎస్.ఎం.పి.ఎస్. వెనుక స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆ తరువాత మదర్‌బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను క్లిప్పు ‘టక్’ మనేవరకు గట్టిగా నొక్కండి. క్యాబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే రెండు పిన్నుల సన్నని తీగ, లోపల చేయి పెట్టినప్పుడు సులభంగా ఊడిపోతుంది. మా తమ్ముడి కంప్యూటర్‌లో గంటన్నర వెతికాక దొరికిన కారణం ఇదే. అనుమానం ఉంటే బోర్డుపై ఆ తీగ ఉండవలసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేచిందంటే లోపం బటన్‌లోనో దాని తీగలోనో ఉందన్నమాట. ఒక్క క్షణం తిరిగి వెంటనే ఆగిపోతుంటే ఎక్కడో షార్ట్ అవుతోందని అనుమానించాలి. బోర్డు కింద అనవసరంగా మిగిలిన ఇత్తడి స్టాండ్‌ఆఫ్ (బోర్డును క్యాబినెట్‌కు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న మేకు), లోపల జారిపడిన స్క్రూ అందుకు సాధారణ కారణాలు.

ఎస్.ఎం.పి.ఎస్. కూడా కొత్తదే అయితే మరొక ముఖ్య విషయం ఉంది. కేబుళ్ళు ఊడదీయడానికి వీలున్న మాడ్యులర్ రకాల్లో పాత దాని కేబుళ్ళను కొత్తదానికి వాడకూడదు. చివర్లు ఒకేలా కనిపించినా లోపలి తీగల వరుస కంపెనీని బట్టి, కొన్నిసార్లు మోడల్‌ను బట్టి మారుతుంది. పొరపాటు జరిగితే హార్డ్ డిస్క్, మదర్‌బోర్డు నిజంగానే కాలిపోతాయి.

ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోతే

ఎక్కువమందికి ఎదురయ్యే సమస్య ఇదే. మన ఉదాహరణలో 2400జి లోపలే గ్రాఫిక్స్ చిప్పు ఉంది కనుక ఇంతకాలం మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు హెచ్.డి.ఎం.ఐ. పోర్టులో ఉండేది. కొత్త 5600లో ఆ చిప్పు లేదు కాబట్టి ఆ పోర్టుకు ఇక బొమ్మ రాదు. కేబుల్‌ను తప్పనిసరిగా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ప్రాసెసర్ల సంగతీ ఇంతే.

తరువాత పవర్ కేబుళ్ళను చూడండి. ప్రాసెసర్ పక్కన, బోర్డు పైమూలన ఉండే 8 పిన్నుల కనెక్టర్‌ను మరచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ ప్రాసెసర్ లేవదు. గ్రాఫిక్స్ కార్డుకు స్లాట్ నుంచి అందేది గరిష్ఠంగా 75 వాట్లే. కార్డుపై 6 లేదా 8 పిన్నుల కనెక్టర్ ఉంటే దానికీ కేబుల్ పెట్టవలసిందే. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక ఎస్.ఎం.పి.ఎస్. మీద 450 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. లేబుల్‌పై 12 వోల్టుల వరుసలో ఉన్న ఆంపియర్లను 12తో గుణించండి. అక్కడ 18 ఆంపియర్లే ఉంటే ప్రాసెసర్‌కూ కార్డుకూ కలిపి అందేది 216 వాట్లే.

ఇక ర్యామ్. రెండింటినీ తీసి, పాత దానిని ఒక్కదానినే, ప్రాసెసర్ వైపు నుంచి రెండవ స్లాట్‌లో పెట్టి చూడండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో చాలావరకు కంపెనీలు సూచించేది ఆ స్లాటే. ర్యామ్ కూర్చోవడానికి మనం అనుకునే దానికంటే ఎక్కువ బలం కావాలి. బంగారు రంగు అంచులు మాసి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడిని పూర్తిగా దులిపేయండి. పాతదానితో లేచి, కొత్తదానితో లేవకపోతే దోషి ఎవరో తెలిసిపోయినట్లే. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త కంప్యూటర్లయితే తొలిసారి ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. ఆ సమయంలో తొందరపడి ఆపివేయకండి.

అప్పటికీ బొమ్మ రాకపోతే బయాస్‌ను అనుమానించాలి. బి450 బోర్డులు వచ్చిన 2018లో 5600 ప్రాసెసర్ లేదు. అది 2022లో వచ్చింది. బోర్డు కంపెనీ వెబ్‌సైటులో మీ మోడల్ పేజీ తెరిచి, ఆ ప్రాసెసర్‌కు ఏ బయాస్ వెర్షన్ కావాలో చూసి, పాత ప్రాసెసర్‌ను తిరిగి పెట్టి, బయాస్‌ను అప్‌డేట్ చేసి, ఆ తరువాతే కొత్తది అమర్చాలి. ఈ రకం బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని చేరవేసే పేస్ట్ ఎండిపోతే, దాని వల్ల కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగే ప్రమాదముంది. కాబట్టి కంప్యూటర్ పని చేసే స్థితిలో ఉంటే కాసేపు నడిపి, వేడెక్కాక ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

పాత సెట్టింగులు అడ్డుపడుతున్నాయనిపిస్తే, ప్లగ్గు తీసి, బోర్డుపై ఉన్న సీఆర్2032 గుండ్రని బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి మళ్ళీ పెట్టండి. చాలా బోర్డులపై ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోతే తనిఖీని అక్కడి నుంచే మొదలుపెట్టండి.

డిస్‌ప్లే వచ్చినా విండోస్ రాకపోతే

బయాస్‌లో డిస్కు కనిపిస్తోందో లేదో చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో (ఎస్.ఎస్.డి.ని నేరుగా బోర్డుకే అమర్చే చోట) కొత్త ఎస్.ఎస్.డి. పెడితే, డిస్కు కేబుళ్ళు తగిలించే సాటా పోర్టుల్లో ఒకటి రెండు పని చేయడం మానేస్తాయి. పాత డిస్కును వేరే పోర్టుకు మార్చితే సరిపోతుంది. బ్యాటరీ తీసినందువల్ల బూట్ వరుస మారిపోయి ఉంటే దానిని సరిచేయాలి. డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. విడిభాగాలు మార్చే ముందే దానిని కాగితంపై రాసిపెట్టుకోవడం ఉత్తమం.

ఇవన్నీ చేసినా లేవకపోతే మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్, బొమ్మకు అవసరమైన కార్డు మాత్రమే ఉంచి మిగతావన్నీ తీసివేసి ప్రయత్నించండి. లేస్తే ఒక్కొక్కటి కలుపుతూ, ప్రతిసారీ ఆన్ చేసి చూడండి. దానికీ లేవకపోతే రిపేరు దుకాణానికి తీసుకువెళ్ళవలసిందే. అప్పుడు పాత ప్రాసెసర్‌నూ, పాత ర్యామ్‌నూ, కొన్న బిల్లులనూ వెంట తీసుకువెళ్ళి, మీరు ఏయే పరీక్షలు చేశారో వరుసగా రాసి ఇవ్వండి.