రైతు బజార్ బోర్డు చూసి వంట: నెలాఖర్లో కూడా సాగే రోజువారీ వంటలు

ఏం వండాలో ఇంట్లోనే తేల్చుకుని బజారుకు వెళ్తే ఖర్చు తగ్గదు. ఆ రోజు ఏది చవగ్గా, తాజాగా దొరికితే అది తెచ్చుకుని, దాన్ని పప్పులో వేయాలా, పులుసు పెట్టాలా, ఆవాల ముద్ద కలిపి ఆవ పెట్టాలా అన్నది ఇంటికొచ్చాక ఆలోచించుకుంటే తగ్గుతుంది. గుత్తి వంకాయ చేయాలని ముందే నిర్ణయించుకున్నవాళ్లు వంకాయ ఎంత పలికినా కొనేస్తారు, పక్కనే ఆనపకాయలు (సొరకాయలు) గుట్టగా పోసి ఉన్నా వాటి వైపు చూడరు.

విశాఖలో ఉన్నవాళ్లకు ఇందులో ఇబ్బందేమీ లేదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, ఎటు వైపు ఉన్నా దగ్గర్లో ఒక రైతు బజార్ ఉంటుంది. ఈ బజార్లు 1999లో మొదలయ్యాయి, ఆ రోజు ధరలు లోపల బోర్డు మీద రాసి ఉంటాయి. సంచి తీసే ముందు ఆ బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న రెండు కూరగాయలు, రెండు రకాల ఆకుకూరలు తీసుకుంటే నలుగురున్న ఇంటికి రెండు రోజులు గడుస్తుంది. తోటకూర కొనేటప్పుడు కాడ గిల్లి చూడండి, టప్పున విరిగితే లేత, నార సాగితే ముదురు. ముదురు కాడలు దొరికినా పారేయక్కర్లేదు, పైన పీచు తీసి పులుసులో వేయండి.

ఇంట్లో మాత్రం కొన్ని ఎప్పుడూ ఉండాలి. కందిపప్పు, పెసరపప్పు, బియ్యపు రవ్వ, నూకలు, చోడి (రాగి) పిండి, చింతపండు, అనకాపల్లి బెల్లం, ఆవాలు, నువ్వులు, ఎండుమిర్చి, ఇంగువ. ఇవి ఉంటే బజార్లో ఏది దొరికినా వంట అయిపోతుంది.

పప్పు తక్కువ, ఆకు ఎక్కువ

కందిపప్పు ధర ఎక్కినప్పుడు సగం కంది, సగం పెసర వేయండి. రుచి కాస్త మారుతుంది గానీ చెడదు, పైగా పెసరపప్పు త్వరగా ఉడికి చిక్కదనం ఇస్తుంది. నలుగురికి ఒక టీ గ్లాసు పప్పు, రెండు పెద్ద కట్టల ఆకుకూర చాలు. పప్పును అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు, పసుపు, చుక్క నూనె వేసి కుక్కర్లో మూడు కూతలు రానిస్తే మెత్తగా ఉడుకుతుంది. ఉప్పు, చింతపండు మాత్రం ఉడికాకే. పులుపు ముందే తగిలితే బద్ద మెత్తబడదు, ఎన్ని కూతలొచ్చినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ దండగ. ఇదే కారణంగా చుక్కకూర, గోంగూర లాంటి పుల్లటి ఆకుల్ని కుక్కర్లో పప్పుతో కలిపి పెట్టకండి. చెంచాడు నూనెలో పచ్చిమిరపకాయలతో విడిగా మగ్గించి, ఉడికిన పప్పులో కలిపేయండి. చుక్కకూర పప్పుకు ఇక చింతపండు కూడా అక్కర్లేదు.

పోపులో వెల్లుల్లి రెబ్బల్ని పొట్టుతోనే చిదిమి వేస్తే బాగుంటుంది. రాత్రికి పప్పు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అందులోనే నీళ్లు, కాస్త చింతపండు రసం, ఒక టమాటా వేసి మరిగించండి, పప్పుచారు అయిపోతుంది. ఒక పూట కూర ఖర్చు మిగిలినట్టే.

మిగిలిన ముక్కలన్నీ దప్పళంలోకి

నెలాఖర్లో ఫ్రిజ్ తెరిస్తే ఒక ములక్కాడ, గుమ్మడి ముక్క, రెండు బెండకాయలు, సగం ఆనపకాయ, ఒక చిలగడదుంప కనిపిస్తాయి. ఏ ఒక్కదానితోనూ కూర కాదు. అన్నీ కలిస్తే మాత్రం దప్పళం అవుతుంది, మన వైపు దీనికి మించిన పొదుపు వంట ఇంకోటి లేదని నా నమ్మకం.

నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. ములక్కాడ, చిలగడదుంప ముందు ఉడకాలి, అవి సగం ఉడికాక గుమ్మడి, ఆనప వేయాలి, గుమ్మడి త్వరగా చిదిరిపోతుంది కాబట్టి ముక్కలు పెద్దవిగా, తొక్కతోనే కోయండి. బెండకాయల్ని ఒక నిమిషం నూనెలో వేయించి వేస్తే జిగురు రాదు. ముక్కలు మెత్తబడ్డాక చింతపండు రసం, ఉప్పు, పసుపు, కారం, నిమ్మకాయంత బెల్లం వేసి పది నిమిషాలు మరగనివ్వండి. చివర్లో చెంచాడు బియ్యప్పిండిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది, వేడి నీళ్లలో కలిపితే మాత్రం ఉండకట్టేస్తుంది. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు. ముదురు రంగు బెల్లం చూడ్డానికి అంత బాగుండకపోయినా పులుసుకు దాని రుచే వేరు. పక్కన ఒక అప్పడమో, నాలుగు వడియాలో వేయించుకుంటే చాలు, వేరే కూర అడగరు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కూర వండడం అలవాటైనవాళ్లు ముందు వారానికి రెండు రోజులు ఇలా ఒక్క పులుసుతో నడిపించి చూడండి. డబ్బు సంగతి ఎలా ఉన్నా పొయ్యి దగ్గర నిలబడే సమయం బాగా తగ్గుతుంది, వండే మనిషికి అది చిన్న విషయం కాదు.

ఆవ పెట్టడం

పనసపొట్టు, కంద బచ్చలి, అరటికాయ, ఏదైనా సరే ఆవ పెడితే దాని రుచి మారిపోతుంది, దానికయ్యే ఖర్చు చెంచాడు ఆవాలు. అయినా చాలామంది చేదొచ్చిందని ఒకసారితో మానేస్తారు. చేదు రాకుండా చేయడం ఏమంత కష్టం కాదు.

చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు, మునిగేంత చల్లటి నీళ్లు పోసి పావుగంట నానబెట్టండి. చిన్న జార్‌లో అదే నీళ్లతో మెత్తగా రుబ్బండి, జార్ వేడెక్కేలా ఏకబిగిన తిప్పకండి, ఆగి ఆగి తిప్పండి. మూత తీయగానే ఘాటు ముక్కుకు సూటిగా తగిలి కళ్లలో నీళ్లు తిరిగితే ఆవ సరిగ్గా నలిగినట్టు, ఏ వాసనా రాలేదంటే ఆవాలు పాతబడ్డాయని అర్థం. ఈ ముద్దను పొయ్యి మీద ఉన్న కూరలో ఎప్పుడూ కలపకూడదు. ఎక్కువ వేడి తగిలితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. పొయ్యి కట్టేసి, ఆవిరి కాస్త తగ్గాక కలిపి మూత పెట్టండి, పది నిమిషాల్లో ముక్కకు పడుతుంది.

అరటికాయతో అయితే రెండు కాయలు చెక్కు తీసి ముక్కలు కోసి, నల్లబడకుండా పల్చటి మజ్జిగ నీళ్లలో వేసి, పసుపు, ఉప్పుతో ముక్క చిదరకుండా ఉడికించి వార్చండి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపులో ఈ ముక్కలు, రెండు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు వేసి తడి ఇంకేదాకా ఉంచి దించండి. ఆ తర్వాతే ఆవ.

తొక్కలు పారేయొద్దు

బీరకాయ కూర చేసే రోజున పచ్చడి ఉచితంగా వచ్చినట్టే. లేత బీరకాయల్ని కడిగి, పైన గట్టి ఈనెలు మాత్రం తీసేసి, మిగతా తొక్కను చెంచాడు నూనెలో పచ్చి వాసన పోయేదాకా వేయించండి. అదే మూకుడులో నాలుగు ఎండుమిరపకాయలు, చెంచాడు మినప్పప్పు, చెంచాడు నువ్వులు వేగాక, చిన్న చింతపండు రెబ్బ, ఉప్పు చేర్చి, మరీ మెత్తగా కాకుండా రుబ్బుకోవాలి. ఆనపకాయ తొక్కతో కూడా ఇలాగే చేయొచ్చు.

చోడి అంబలి

రాగుల్ని మన ఉత్తరాంధ్రలో చోళ్లంటాం. అరకు, పాడేరు ఏజెన్సీ వైపు ఇవి బాగా పండుతాయి. ప్యాకెట్ పిండి కన్నా గింజలు కొని, కడిగి ఎండబెట్టి, మిల్లులో ఆడించుకోవడం నయం, చవకా అవుతుంది, పిండీ తాజాగా ఉంటుంది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో చాలా చిన్న వంతే ఉంటుంది. పిల్లలకు డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడులు పాలల్లో కలిపి ఇచ్చే ముందు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించండి.

రాత్రి ఒక గ్లాసు చోడి పిండిని రెండు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టండి. మన ఊరి ఉక్కకు తెల్లారేసరికి పైన సన్నటి బుడగలు వచ్చి కొంచెం పుల్లటి వాసన వేస్తుంది, చలికాలంలో ఇంకాస్త సమయం పడుతుంది. పొద్దున్న నాలుగు గ్లాసుల నీళ్లలో గుప్పెడు బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి, మంట తగ్గించి, పిండి నీళ్లను సన్నటి ధారగా పోస్తూ కలపండి. ఇక్కడ చెయ్యి ఆపితే అడుగంటుతుంది. పది నిమిషాలు పోయేసరికి మట్టి రంగు కాస్తా ముదిరి నిగనిగలాడుతుంది, తడి వేలితో తాకితే అంటుకోదు, అప్పుడు ఉడికినట్టు. ఉప్పు వేసి దించండి. చల్లారాక మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలుపుకుని తాగితే మే నెల ఎండలో కూడా మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటుంది. పులుపు వద్దనే పిల్లలకు రాత్రి నానబెట్టకుండా అప్పటికప్పుడు కాచి, బెల్లం వేసి గోరువెచ్చగా ఇవ్వండి.

రాత్రి ఎనిమిదింటికి

ఇంట్లో ఏమీ లేదనిపించినప్పుడే ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తాం. ఉప్పుడు పిండికి అరగంట చాలు, ఫోన్‌లో ఆర్డర్ పెట్టినా వచ్చేసరికి ఇంచుమించు అంతే పడుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, శనగపప్పు, ఇంగువ, కరివేపాకు వేగాక రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు, గుప్పెడు పెసరపప్పు వేయండి. నీళ్లు బాగా మరిగాక గ్లాసు బియ్యపు రవ్వ పోసి, మూతపెట్టి, సన్న సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఒక్కసారి కలిపితే చాలు. అడుగున ఎర్రగా కట్టిన చెక్కు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు, అందుకే దించాక ఐదు నిమిషాలు మూత తీయకుండా ఉంచండి, ఆ చెక్కు సులువుగా ఊడొస్తుంది. ఆవకాయో, బెల్లం ముక్కో నంజుకోవచ్చు.

చేపల సంగతి

సముద్రం పక్కనే ఉన్నాం కదా అని అందరూ వంజరం, చందువా మీదే పడతారు. కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు వాటి కన్నా ఎంతో చవక, పులుసుకు రుచిలో ఏం తీసిపోవు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల్ని వేటకు వెళ్లనివ్వరు. ఆ రెండు నెలలు పచ్చి చేప ధర పెరుగుతుంది కాబట్టి, అంతకు ముందే ఎండు నెత్తళ్లు కొని పెట్టుకోండి. కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని వంచండి, పుటుక్కున విరగాలి. మెత్తగా వంగితే సరిగ్గా ఎండలేదని, త్వరగా పాడవుతుందని అర్థం.

వంకాయతో వండుకోవడానికి గుప్పెడు చాలు. తలలు తుంచేసి, నూనె లేకుండా పొడి మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, వేడి నీళ్లలో రెండు మూడుసార్లు కడగండి, ఇసుక, పైనున్న ఉప్పు పోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద వేగాక పావు కిలో వంకాయ ముక్కలు, ఒక టమాటా వేసి మగ్గించి, నెత్తళ్లు, కారం, పసుపు, కాసిని నీళ్లు పోసి పది నిమిషాలు ఉడికించండి. చేపలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి చివర్లో రుచి చూసుకునే ఉప్పు వేయాలి.

నువ్వుల పొడి

కూర లేని రోజు, ఒంట్లో బాగోలేని రోజు, పిల్లలు ఏదీ తిననని మారాం చేసే రోజు దీని అవసరం తెలుస్తుంది. గ్లాసు తెల్ల నువ్వుల్ని సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి పళ్లెంలో పోసేయండి, మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి మాడి చేదొస్తాయి. ఆరు ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర విడిగా వేయించి, ఉప్పుతో ముందు పొడి చేసి, ఆ తర్వాత చల్లారిన నువ్వులు వేసి రెండు మూడుసార్లు తిప్పి ఆపేయాలి. ఇంకా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. చివర్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు.

మన గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో ఉప్పు సీసా కూడా చెమ్మగిల్లిపోతుంది. పొడి పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో పోయండి, ఒకేసారి పెద్ద సీసాడు కాకుండా పది పదిహేను రోజులకు సరిపడా చేసుకోండి, లోపల పొడి చెంచాను మాత్రమే పెట్టండి. వెల్లుల్లి వేయకుండా చేస్తే ఇంకొన్ని రోజులు ఎక్కువే ఆగుతుంది, అప్పుడు అన్నంలో కలుపుకునే ముందు ఒక రెబ్బ చిదిమి వేసుకోండి.