హోల్డింగ్ కంపెనీ షేరుకు లెక్క కట్టే పద్ధతి

కాశీబుగ్గలో జీడి వ్యాపారులకు జమాఖర్చులు రాస్తుంటాను. 80 కిలోల బస్తా కొనేముందు నాలుగు పిక్కలు కొట్టి, పప్పు ఎంత దిగుతుందో చూడని వ్యాపారి ఇక్కడ కనబడడు. అదే మనిషి సాయంత్రం ఫోన్ తీసి, పీ/బీ (షేరు ధరను, కంపెనీ పుస్తకాల్లో షేరుకున్న విలువతో భాగించిన లెక్క) 0.4 అని చూడగానే హోల్డింగ్ కంపెనీ షేరు, అంటే ముఖ్యంగా వేరే కంపెనీల షేర్లు పట్టుకుని కూర్చునే కంపెనీ షేరు, కొనేస్తాడు. అలాంటివాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఆ పీ/బీని పక్కన పెట్టండి. స్టాండలోన్ లెక్కల్లో (ఆ ఒక్క కంపెనీవే చూపే లెక్కల్లో) అసోసియేట్ కంపెనీల, అంటే పెద్ద వాటా ఉన్న తోటి కంపెనీల షేర్లు సాధారణంగా ఎప్పుడో కొన్న ధరకే ఉంటాయి. మిగతా లిస్టెడ్ షేర్లు మార్చి 31 నాటి మార్కెట్ ధరకు ఉంటాయి. ఆ రెండూ కలిపిన మొత్తం దేనికీ పనికిరాదు. వార్షిక నివేదికలో ఇన్వెస్ట్‌మెంట్స్ నోటు తెరిచి, ఏ కంపెనీవి ఎన్ని షేర్లున్నాయో కాగితం మీద వేసుకోండి. పెద్ద వాటాలను ఆయా కంపెనీల తాజా షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌తో (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చెప్పే పట్టికతో) సరిచూసుకోండి. ఎక్స్ఛేంజి సైట్లో మూడు నెలలకోసారి పెడతారు.

ఊహించిన లెక్క ఒకటి వేద్దాం. కంపెనీకి కోటి షేర్లు. దాని దగ్గర 800 రూపాయల షేర్లు 50 లక్షలున్నాయి, అంటే 400 కోట్లు. ఇంకో కంపెనీ షేర్లు 50 కోట్లు, ఫండ్లూ నగదూ 30 కోట్లు, మార్కెట్లో లేని (అన్‌లిస్టెడ్) వ్యాపారం నెట్‌వర్త్, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది, 20 కోట్లు. 10 కోట్ల అప్పు తీసేస్తే 490 కోట్లు, షేరుకు 490 రూపాయలు. మార్కెట్లో దొరికేది 196కి. అరవై శాతం తగ్గింపు!

ఇక్కడే చాలామంది పెన్ను మూసేస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఆ 800 షేరు ఏటా 10 రూపాయల డివిడెండ్ ఇస్తే మన కంపెనీకి 5 కోట్లు వస్తాయి. అందులో కోటిన్నరే పంచితే మన చేతికి షేరుకు రూపాయిన్నర. అదే 196 రూపాయలు నేరుగా ఆ 800 షేరులో పెట్టి ఉంటే 2 రూపాయల 45 పైసలు వచ్చేవి. తగ్గింపు అంత పెద్దగా కనిపిస్తుంది, చేతికొచ్చేది మాత్రం తక్కువే. అందుకే నా కాగితంలో విలువ పక్కనే ‘చేతికొచ్చేది’ అని ఇంకో గడి ఉంటుంది. నేను ముందు చూసేది ఆ గడినే.

పన్ను సంగతి. ప్రమోటర్లు (కంపెనీని నడిపించే యజమానులు) కదపని వాటా మీద, అమ్మితే లాభం మీద పడే పన్ను తీయను. ఎప్పుడూ అమ్మరు, కట్టరు, మనకీ రాదు. తరచూ అమ్మి కొనే భాగం మీదే తీస్తాను. మార్కెట్ ధరకు చూపిన షేర్ల మీద డెఫర్డ్ టాక్స్ (తర్వాత కట్టాల్సి రావచ్చని ముందే రాసుకున్న పన్ను) బ్యాలెన్స్ షీట్లో ముందే ఉంటుంది. దాన్ని అప్పుల్లో కలిపారంటే రెండోసారి తీయకండి.

కంపెనీలో కంపెనీ ఉంటే జాగ్రత్త. బజాజ్ హోల్డింగ్స్‌కు మహారాష్ట్ర స్కూటర్స్‌లో 51 శాతం వాటా ఉంది. ఆ మహారాష్ట్ర స్కూటర్స్ దగ్గరున్నవీ బజాజ్ గ్రూపు షేర్లే. దాని మార్కెట్ ధర వేస్తే తగ్గింపు మీద తగ్గింపు పడుతుంది. లోపలి షేర్లు లెక్కగట్టి అందులో 51 శాతం తీసుకోవడం నా పద్ధతి. ఏది ఎంచుకున్నా ఏటా అదే వాడండి, లేకపోతే పాత తగ్గింపుతో పోల్చలేరు.

తగ్గింపు ఎందుకు తగ్గాలి అన్నదానికి జవాబు లేకుండా కొనకండి. ఏషియన్ పెయింట్స్ వాటా ఉన్న ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ 2024 అక్టోబర్ 29న 3.53 రూపాయల నుంచి 2,36,250కి చేరింది. ఆ రోజు కొత్తగా ఆస్తి పుట్టలేదు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ చెప్పిన ప్రత్యేక వేలంతో ధర తేలింది, అంతే. దాన్ని చూసి ప్రతి హోల్డింగ్ కంపెనీకీ అలాగే జరుగుతుందనుకోవడం అత్యాశ. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకులో వాటా ఉన్న ఐడీఎఫ్‌సీ దారి వేరు. 2024 అక్టోబర్‌లో అది ఆ బ్యాంకులోనే కలిసిపోయి, 100 ఐడీఎఫ్‌సీ షేర్లకు 155 బ్యాంకు షేర్లు వచ్చాయి. విలీనం, బైబ్యాక్ (కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనడం), డీమెర్జర్ (వ్యాపారాన్ని విడదీసి వేరే కంపెనీ చేయడం) లాంటిది బోర్డు కాగితాల మీద కనబడితే తగ్గింపులో కొంత లెక్కలోకి తీసుకుంటాను. ఏదీ లేకపోతే డివిడెండ్‌కు ఎంత ఇవ్వొచ్చో అంతే ఇస్తాను.