సారా కాచేటప్పుడు పక్క నుంచి కదలొద్దు: న్యూజిలాండ్‌లో ఉన్న మనవాళ్లకు జాగ్రత్తలు

మొన్న ఆక్లండ్‌లో మనవాళ్ల ఇంట్లో సారా కాస్తుండగా గరాజ్ అంటుకుంది. మనుషులకేం కాలేదు. కారు పోయింది, పైకప్పు సగం కాలింది, ఇన్సూరెన్స్ వాళ్లతో గొడవ ఇంకా నడుస్తోంది. ఎలా జరిగిందని అడిగితే "ఆఫీసు కాల్ వచ్చింది, రెండు నిమిషాలు లోపలికెళ్లాను" అన్నాడు ఆ ఇంటాయన. కొత్తగా స్టిల్ (సారా కాచే పరికరం) కొన్న ఇంకొకరి దగ్గర కూడా ఇదే మాట విన్నాను, అక్కడ చేయి కాలింది. అందుకే చలికాలం ముదరకముందే ఇది రాస్తున్నా.

చట్టం సంగతి ఒక్క ముక్కలో: ఇక్కడ 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో కాచుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఇండియాలో ఇది నేరం, ఆస్ట్రేలియాలో లైసెన్స్ లేకుండా చేస్తే నేరం, అక్కడున్నవాళ్లు చదివి వదిలేయండి.

ఇక మిథనాల్, అంటే విషపు ఆల్కహాల్. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా, అదే ఏడాది నవంబరులో లావోస్‌లో ఆరుగురు టూరిస్టులు చనిపోయినప్పటి నుంచి కొత్తవాళ్లందరికీ ఇదే టెన్షన్. నిజమే, అది కళ్లు తీస్తుంది, ప్రాణం తీస్తుంది. కానీ ఇలాంటి సామూహిక మరణాల్లో సాధారణంగా కనిపించేది పారిశ్రామిక మిథనాల్‌ను తెచ్చి మందులో కలపడం. పంచదార ఊటలో, అంటే కాచడానికి పులియబెట్టిన పంచదార నీళ్లలో, అది దాదాపు పుట్టదు, పండ్ల ఊటలో కొంచెం పుడుతుంది. 25 లీటర్ల ఊటకు మొదట దిగే 50 మిల్లీలీటర్లు ఎలాగూ పారబోస్తాం, పారబోయండి. అలాగని సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ లాంటివి తెచ్చి మళ్లీ కాచి "శుద్ధి" చేద్దామనుకోవద్దు, ఆ విషం అలా పోదు.

ఇంట్లో కాచేవాడిని ముంచేది మిథనాల్ కన్నా ముందు మంట. మంట దాకా తీసుకెళ్లేది ఒకటే పొరపాటు: స్టిల్ వేడి మీద ఉండగా వదిలి వెళ్లడం.

ఏం జరుగుతుందో చెప్తా. కండెన్సర్‌కు (ఆవిరిని చల్లార్చి చుక్కలుగా దించే భాగం) చల్లనీళ్లు తెచ్చే గొట్టం ఊడింది అనుకోండి. లేదా ఇంట్లో ఎవరో వాషింగ్ మెషీన్ వేశారు, కుళాయి ధార తగ్గింది. అప్పుడు చుక్కలుగా దిగాల్సింది ఆవిరిగానే బయటికొస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, కిటికీలోంచి పైకి పోదు, నేల మీద పరుచుకుని మూలలకు పాకుతుంది. గాలిలో అది మూడు శాతం దాటితే చిన్న రవ్వ చాలు, గరాజ్‌లో పడేసిన పాత ఫ్రిజ్ ఆన్ అయినా చాలు. పైగా ఆల్కహాల్ మంట పగటి వెలుతురులో సరిగ్గా కనపడదు, తలుపు తీసి నేరుగా అందులోకి నడిచిపోతారు. అదే మీరు పక్కనే ఉంటే? ఘాటు ముక్కుకు తగలగానే స్విచ్ ఆపుతారు. అంతే, దానికి పెద్ద నైపుణ్యం ఏమీ అక్కర్లేదు, మనిషి అక్కడ ఉండాలి.

జాగా: ఏప్రిల్‌లో ఇక్కడి ఫీజోవా పండ్లు కుప్పలుగా రాలతాయి, పారేయలేక ఊట వేస్తాం, అది పులిసి సిద్ధమయ్యేసరికి జూన్ చలి. గరాజ్ తలుపు దించేసి పక్కన గ్యాస్ హీటర్ వెలిగించుకుని కూర్చుంటారు. తలుపు తెరిచే ఉంచండి. చలేస్తే ఇంకో జాకెట్ వేసుకోండి. హీటర్ వద్దు, కొత్తవాళ్లు గ్యాస్ పొయ్యి అసలు వాడొద్దు, కరెంటు ఎలిమెంట్ ఉన్న బాయిలర్ కొనుక్కోండి. మంట ఆర్పే సిలిండర్ తలుపు దగ్గర ఉండాలి, స్టిల్ వెనకాల ఉంటే దాన్ని అందుకోవడానికి మంట దాటాలి.

సామాను: రాగి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్. వేడి ఆవిరి తగిలే చోట ప్లాస్టిక్, మామూలు రబ్బరు వద్దు. అతుకుల్లో సీసం వద్దు. అతుకు దగ్గర ఆవిరి లీకైతే వేడి ఆపి, చల్లారాక సరిచేయండి. మరుగుతుండగా గోధుమపిండి ముద్ద అద్ది సర్దుకుపోయేవాళ్లను చూశాను, అలా చేయొద్దు. పండ్ల ఊటను బాగా వడకట్టి పోయండి, ముప్పావు వంతు మించి నింపొద్దు. గుజ్జు పొంగి గొట్టంలో ఇరుక్కుంటే ఆవిరికి దారి ఉండదు, బాయిలర్ పేలుతుంది. దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి, ఎక్కడా బిరడా పెట్టొద్దు. గొట్టం కొస సీసాలోని సరుకులో మునగనివ్వద్దు, బాయిలర్ చల్లారేటప్పుడు అదంతా వెనక్కి లాగేసుకుంటుంది.

నింపాదిగా కాస్తే సరుకు కూడా బాగుంటుంది. వేడి తగ్గించండి, చిన్న చిన్న సీసాల్లో వరసగా పట్టండి. మొదట్లో నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, చివర్లో తడిసిన అట్టపెట్టె వాసన, ఈ రెంటి మధ్యదే మీది. తొందరపడి వేడి పెంచితే మూడూ కలిసిపోతాయి. రుచి బాగా రావట్లేదని అడిగే కొత్తవాళ్లలో చాలామంది చేసేది ఇదే. నింపాదిగా అంటే గంటలు పడుతుంది, ఆ గంటలన్నీ మీరక్కడే ఉండాలి. పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ మాట్లాడటం లాంటిది కాదు ఇది.

ఇక మిగతావి వరసపెట్టి చెప్తున్నా, వినండి.

ఆవిరి పైకి రాకముందే చల్లనీళ్లు తిప్పండి.

కాచేటప్పుడు తాగొద్దు. రుచి చూడటం పేరుతో కూడా వద్దు, అది రేపటి పని.

పట్టే పాత్ర గాజుది, మూతి సన్నంది. ప్లాస్టిక్ బకెట్ వద్దు. నిండిన సీసా అక్కడే పెట్టుకోవద్దు, దూరంగా పెట్టండి.

మన ఊళ్లలోలాగా అగ్గిపుల్ల గీసి "భగ్గుమంటే అసలు సరుకు" అని చూపించొద్దు. మిథనాల్ కూడా మండుతుంది. స్టిల్ పక్కన అగ్గిపుల్ల గీసేవాడితో స్నేహమే వద్దు.

ఊటలో యూరియా వేయొద్దు. ఈస్ట్‌కు ఆహారం కావాలంటే దానికోసమే అమ్మేది కొనండి.

ఎలిమెంట్ ఎప్పుడూ మునిగే ఉండాలి. రెండోసారి కాచేటప్పుడు బాయిలర్‌లో మట్టం పడిపోతుంది, చూసుకోండి.

కాల్ వస్తే? స్విచ్ ఆపి వెళ్లండి. బాబు ఏడిస్తే? స్విచ్ ఆపి వెళ్లండి. పిజ్జా వాడు తలుపు కొడితే? అదే. బాత్రూమ్‌కైనా ఆపి వెళ్లండి. మధ్యలో ఆపితే సరుకు పాడవదు, మళ్లీ వేడి చేసుకోవచ్చు. నిద్రొస్తే ఆపేసి పడుకోండి, మిగిలింది రేపు కాచుకోండి. "మా ఆవిడ చూస్తుందిలే" అనొద్దు, ఆమెకు ఏ స్విచ్ ఏదో తెలియదు.

మంట లేస్తే సరుకు కోసం, స్టిల్ కోసం చూడొద్దు. స్విచ్ చేతికందితే ఆపండి, అందకపోతే అందర్నీ బయటికి లాగి ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 111కు ఫోన్ చేయండి.

అయిపోయాక ముందు కరెంటు, తర్వాతే నీళ్లు ఆపాలి. చల్లారకుండా మూత తీయొద్దు.

దిగినదాన్ని నీళ్ల సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పేరు రాయండి, ఎంత శాతమో రాయండి, పిల్లలకు అందని అరలో తాళం వేయండి.