సోలో డైవ్ సంగతి బెంగళూరులోనే తేల్చుకోండి

మారతహళ్లిలో మా ఆఫీసులో నేను స్కూబా చేస్తానని తెలిసినవాళ్లు ఏడాదికి ఇద్దరైనా వచ్చి అడుగుతారు: "అన్నా, సోలోగా వెళ్లొచ్చా?" ఊరికి ఒక్కడివే వెళ్తావా, నీళ్లలోకి ఒక్కడివే దిగుతావా అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మొదటిదైతే టికెట్ కొనుక్కో, అక్కడ ఎవరో ఒకరిని జత చేస్తారు. రెండోదైతే కూర్చో, కాఫీ చెప్తాను.

ముందు కార్డు, అంటే డైవింగ్ కోర్సు పూర్తి చేసినట్టు ఇచ్చే గుర్తింపు. అందరూ మొదట చేసే ఓపెన్ వాటర్ కోర్సంతా బడ్డీని, అంటే జతగా దిగే డైవర్‌ని నమ్ముకునే నడుస్తుంది. నీ గాలి అయిపోతే అతను ఇస్తాడు, అతనిది అయిపోతే నువ్విస్తావు. ఒంటరిగా దిగాలంటే డైవింగ్ నేర్పే సంస్థల కోర్సు వేరే ఉంది: ఎస్‌డీఐ వాళ్ల సోలో డైవర్, పాడీ వాళ్ల సెల్ఫ్ రిలయంట్ డైవర్ (పాడిపంటల పాడి కాదు). రెండిటికీ 100 డైవ్‌లు లాగ్ బుక్‌లో ఉండాలి. వయసు మొదటిదానికి 21, రెండోదానికి 18. సెలవుల్లో మాత్రమే దిగే నాకు ఆ 100 నిండడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ కార్డు చేతికొచ్చాక నేను చేసిన మొదటి పని పడవ మీద గొడవ. ఊరు పేరెందుకు గానీ, ఒక ద్వీపంలో పడవ ఎక్కాక జేబులోంచి కార్డు తీసి "నేను ఒక్కడినే దిగుతాను" అన్నాను. "మా దగ్గర కుదరదు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. పది నిమిషాలు వాదించాను. మిగతావాళ్లు వెట్‌సూట్లు వేసుకుని ఎండలో ఉడికిపోతూ నన్నే చూస్తున్నారు. చివరికి కెమెరా పట్టుకున్న ఒక పెద్దాయనకి నన్ను జత చేశారు. ఆయన 40 నిమిషాలూ ఒక్క రొయ్యనే ఫొటో తీస్తూ ఉండిపోయాడు, నా వైపు ఒక్కసారి తిరిగితే ఒట్టు. దానికన్నా సోలోనే క్షేమం అని ఇప్పటికీ అంటాను. కానీ నేను పైకి రాకపోతే వెతకాల్సింది, పోలీసులకి జవాబు చెప్పాల్సింది ఆ ఇన్‌స్ట్రక్టరే. కాదనే హక్కు అతనికి ఉంది.

అందుకే ఇప్పుడు డబ్బు కట్టకముందే ఇంటి నుంచి మెయిల్ పెడతాను. సోలో కార్డును మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే ఎంత లోతు వరకు? పోనీ సిలిండర్ (పెద్దదానికి తోడుగా అత్యవసరానికి కట్టుకునే చిన్న గాలి సిలిండర్) అద్దెకి ఇస్తారా? విమానంలో సిలిండర్ మోసుకెళ్లడం తలనొప్పి కాబట్టి మూడోది తప్పకుండా అడగండి. ఫోన్‌లో "చూద్దాం సార్, రండి" అంటే దాన్ని "కుదరదు" అనే రాసుకోండి. మెయిల్‌లో వచ్చిన జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే మెయిల్ రాసినవాడూ పడవ నడిపేవాడూ ఒకడే కానక్కర్లేదు. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా బడ్డీ షరతు ఏమైనా ఉందేమో చదవండి.

మనకి దగ్గర మురుడేశ్వర్, అక్కడి నుంచి పడవలో నేత్రాణి ద్వీపం. నేను వెళ్లిన ప్రతిసారీ గైడ్ వెంట దిగాడు, నేను అడగడం కూడా మానేశాను. ఒడ్డున ఉన్న శివుడి విగ్రహం 123 అడుగులు. ఓపెన్ వాటర్ కార్డుకి హద్దు 18 మీటర్లు, అంటే ఆ శివుడి ఎత్తులో సగం. కొత్తవాళ్లకి లోతు ఇలా చెప్తే వెంటనే అర్థమవుతుంది. మాల్దీవుల్లో వినోదపు డైవింగ్‌కి 30 మీటర్లు దాటకూడదని ప్రభుత్వ నియమమే ఉంది, అక్కడ ఏ కార్డు చూపించినా లాభం లేదు. కరీబియన్‌లోని బొనేర్ పద్ధతి వేరు. రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ల మీద డైవ్ చోటు పేరు రాసి ఉంటుంది, బండి ఆపి ఒడ్డు నుంచే దిగడం. అక్కడ గైడ్ వెంట ఉండడు, కానీ సిలిండర్ ఇచ్చే షాపు కాగితం మీద ఏం సంతకం పెట్టించుకుందో చదవకుండా దిగకండి.

ఇక పోనీ సిలిండర్. పేరు పోనీ గానీ, పోనీలే అని వదిలేసే వస్తువు కాదు. మీ బడ్డీ అదే. నీటి పైన నా ఊపిరికి నిమిషానికి 20 లీటర్ల గాలి చాలు, 20 మీటర్ల లోతులో ఒత్తిడి వల్ల మూడు రెట్లు, 60 లీటర్లు పడుతుంది. 3 లీటర్ల పోనీలో 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటే 600 లీటర్లు, అంటే ఆ లోతులో 10 నిమిషాలు. కంగారులో ఒకటిన్నర రెట్లు పీల్చినా ఆరు నిమిషాల పైన వస్తుంది. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకొచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడానికి అది సరిపోతుంది. అంతకన్నా లోతుకి నేను దాన్ని నమ్ముకుని వెళ్లను.

ఒకసారి ఇక్కడే స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీస్ చేస్తూ పోనీ రెగ్యులేటర్ (గాలి పీల్చుకునే పరికరం) నోట్లో పెట్టుకున్నాను. రెండు ఊపిరులు వచ్చాయి, మూడోది రాలేదు. గేజ్ ముల్లు 200 దగ్గర చూసే దిగాను. జరిగిందేమిటంటే వాల్వ్ ఒకసారి తెరిచి మళ్లీ మూసేశాను, గొట్టంలో మిగిలిన గాలికే ముల్లు అక్కడ నిలబడింది. లోతు నాలుగడుగులు, లేచి నిలబడ్డాను. అప్పటి నుంచి ముల్లు వైపు చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీలుస్తాను. ముల్లు కదలకపోతేనే దిగుతాను. కిందికి జారిందంటే వాల్వ్ మూసి ఉన్నట్టే.

భీమిలి నుంచి అమ్మ ప్రతి ట్రిప్ ముందూ ఫోన్ చేసి "ఒక్కడివే దిగుతున్నావా?" అని అడుగుతుంది. "లేదమ్మా, దిగనివ్వరు" అంటాను. పదిలో ఎనిమిదిసార్లు అది నిజమే.