చంటిదానితో విమానం: దిగేటప్పుడు పాలు పట్టండి

శంషాబాద్ నుంచి దూరప్రయాణం, చేతిలో చంటిపిల్ల, పక్కన రెండేళ్ల బుడ్డోడు. టికెట్ బుక్ కాగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి బాసినెట్ అడగండి. ముందు వరసలో గోడకి తగిలించే ఉయ్యాల అది, కొన్నే ఉంటాయి.

అందరూ టేకాఫ్‌కే పాలు దాచిపెడతారు. కానీ చెవులు ఎక్కువగా నొప్పెట్టేది దిగేటప్పుడు. ల్యాండింగ్‌కి దాదాపు అరగంట ముందే విమానం కిందికి దిగడం మొదలుపెడుతుంది, అప్పుడే పట్టండి. నిద్రలో ఉంటే లేపైనా సరే (పాపం అనిపిస్తుంది, తప్పదు). మింగుతుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. బుడ్డోడికి స్ట్రా సీసాలో నీళ్లివ్వండి.

ప్రయాణానికి సరిపడా పసిబిడ్డ పాలకి, చేతి సంచిలో ద్రవాలకి ఉండే 100 మిల్లీలీటర్ల నిబంధన ఉండదు. సెక్యూరిటీ దగ్గర విడిగా తీసి చూపించండి. అమ్మమ్మ కట్టిచ్చిన ఆవకాయ మాత్రం చెకిన్ పెట్టెలోకే.