పరుగు తీయించినా కార్టిసోల్ పెరగలేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

హనుమకొండ స్టేడియంలో పోలీస్ ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే పిల్లల మీద ఒత్తిడి హార్మోను (కార్టిసోల్) ప్రాజెక్టు చేయాలనుకునే వ్యాయామ విద్య విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. కార్టిసోల్‌ను ఉమ్మిలోనే కొలవొచ్చు, సూది అక్కర్లేదు. రిపోర్టు తేడాగా వస్తే ల్యాబ్‌ను అనుమానించే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: పరుగు తర్వాత అంకె పెరగకపోగా తగ్గింది

కార్టిసోల్ నిద్ర లేచిన 30-45 నిమిషాలకు బాగా పెరిగి, అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా దిగుతూ పోతుంది. 5 గంటలకు లేచిన అబ్బాయి దగ్గర 5:40కి ఒక శాంపిల్, పరుగయ్యాక 6:30కి ఇంకొకటి తీస్తే, పరుగు వల్ల పెరిగింది ఆ దిగుడులో కలిసిపోతుంది. సాయంత్రం పూట పెట్టుకోండి. అదే అబ్బాయి పరుగెత్తని రోజున కూడా అవే వేళలకు శాంపిళ్లు తీయండి. ఈ పోలిక లేని ప్రాజెక్టు ఫలితాన్ని నేను నమ్మను.

పరుగు ఆగిన వెంటనే ఒక్కసారి తీసి ఊరుకున్నా దొరకదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోను వెళ్లి, అడ్రినల్ గ్రంథి కార్టిసోల్ తయారుచేసి, అది ఉమ్మిలోకి చేరాలి కదా. 10, 20, 30 నిమిషాలకు మళ్లీ తీయండి. తేలిక జాగింగ్‌కైతే అసలు పెరగకపోవచ్చు.

సమస్య: ఒక్కరి అంకె మాత్రం విపరీతంగా ఉంది

ముందు నోరు చూడండి. ఎండలకు అందరూ తాగే నిమ్మకాయ నీళ్ల పులుపు ఉమ్మిలో మిగిలితే కిట్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. చిగుళ్ల రక్తం కలిసినా అంతే, ఎందుకంటే రక్తంలో కార్టిసోల్ ఎన్నో రెట్లు ఎక్కువ. గులాబీ రంగు కనిపిస్తే ఆ శాంపిల్ పారేయండి. గంట ముందు నుంచి తినడం, ఛాయ్, బ్రష్ వద్దు. 10 నిమిషాల ముందు మంచినీళ్లతో పుక్కిలించమనండి.

ఆస్తమా ఇన్‌హేలర్, తామరకు రాసుకునే స్టెరాయిడ్ క్రీము వాడుతున్నారేమో మెల్లగా అడగండి. మందు మాన్పించొద్దు, వారిని ప్రాజెక్టులోంచి తప్పిస్తే చాలు.

సమస్య: ఒకే శాంపిల్‌కు రెండు అంకెలు

ఉమ్మిలోని జిగురే కారణం కావచ్చు. ఐస్ బాక్సులో తెచ్చి మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించి, కరిగాక సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పే యంత్రం) తిప్పి, పైన తేలిన తేట మాత్రమే వాడండి.

సమస్య: మీ అంకెలు వేరే పేపర్లతో పోలిస్తే పదుల రెట్లు తేడా

యూనిట్లు చూడండి. డెసిలీటరుకు 1 మైక్రోగ్రాము అంటే లీటరుకు సుమారు 27.6 నానోమోల్స్.